చేయిమాఱిన ల్యాప్‌టాపు: దాని మరమ్మతు చరిత్ర



2023వ సంవత్సరము నిజశ్రావణమాసములో ఒకనాటి యుదయమున నా బల్లమీది ల్యాప్‌టాపు పనిచేయుట మానెను. మీట నొక్కితిని. లోపల ఫ్యాను తిరిగిన చప్పుడు వినవచ్చెను గాని తెర వెలుగలేదు. మూడుమార్లు కీచుమని కూసి ఊరకుండెను. మరల నొక్కితిని, మరల అంతే. అది క్రొత్త వస్తువు కాదు. ఎవరో వాడి విడిచినదానిని 2018లో, మన లెక్కలో విళంబి సంవత్సరమున, నేను కొంటిని. అప్పటికే దానికి ఎనిమిదేండ్లు నిండినవి. అప్పుడే ఉద్యోగము చాలించితిని గనుక, పింఛను సొమ్ములో క్రొత్తదానిని కొనుట భారమని తోచినది.

పోయిన పోనిమ్మని యూరకుండుటకు వీలులేకపోయినది. మాచర్ల, గురజాల, కారెంపూడి ప్రాంతములలో మీవంటి పెద్దల యరుగులమీద కూర్చుండి ఐదేండ్లుగా నేను వినిన సంగతులన్నియు అందులోనే యున్నవి. ఏ చెఱువు ఎవరు త్రవ్వించిరి, ఊరి వెలుపలి వీరగల్లు ఎవరిది, సాగరు కాలువ రాకముందు ఏ చేను ఏమి పండెడిది, ఏ యేట ఏ కుటుంబము వలసపోయినది, ఇట్టివి. చెప్పినవారిలో పలువు రిప్పుడు లేరు. కాగితముమీద రెండవప్రతి లేదు. తాటాకు పొత్తములు ముందుంచుకొని చదివిన గురువుల యొద్ద చదువుకొన్నవాడనై యుండియు, ప్రతి వ్రాసి పెట్టుకొనకపోవుట నా తప్పే.

ఒక నగరములోని దుకాణమునకు దానిని కొనిపోతిని. అచటి యతడు మూత విప్పలేదు. మీట నొకసారి నొక్కి చూచి, “బోర్డు పోయిందండి. దీనిమీద పెట్టే డబ్బుకి ఇంకో పాతది వస్తుంది” అనెను. లోపలి వ్రాత సంగతి యేమని యడిగితిని. “అదీ పోయినట్టే లెండి” అనెను. సంచి ఒడిలో పెట్టుకొని బస్సులో తిరిగి వచ్చితిని. ఆ రాత్రి నిద్రపట్టలేదని చెప్పుటకు సిగ్గుపడను.

నాలుగు దినముల పిమ్మట నా పాతశిష్యు డొకడు నరసరావుపేటలో ఒక చిన్న కొట్టు కలదని చెప్పెను. దానిని నడుపు కుఱ్ఱవానికి ముప్పదేండ్లుండవు. అతడు యంత్రమును చేతికి తీసికొనకముందే అడిగిన మాట నాకు నచ్చినది. “మాస్టారూ, ఆగిపోయే ముందు ఏం చేసిందండీ?” అనెను. నాడి పట్టుటకు ముందు మంచివైద్యు డడుగు ప్రశ్న యిదే. వేడెక్కుచుండెనని, తేదీ తప్పు చూపుచుండెనని, ఛార్జరుతీగ కదలినచో ఆగిపోవుచుండెనని చెప్పితిని. “అయితే ఒక జబ్బు కాదు, నాలుగున్నాయి. ఒక్కొక్కటే చూద్దాం” అని స్క్రూలు విప్ప మొదలుపెట్టెను.

యంత్రము చెడినదనుట చాల పెద్దమాట. అందులో ఏ భాగము చెడినది, ఏది చెడలేదు, అని విడదీసి చూచుట వేఱొక విద్య. ఆ విద్య మనదేశములో ఎట్లు పుట్టినదో, మన తెలుగునేలకు ఎట్లు వచ్చినదో, ఆనాడు ఆ కొట్టులో బల్లప్రక్క కూర్చుండి నేను కన్నదానితో కలిపి నేడు మనవి చేయదలచితిని.

కంప్యూటరు మనదేశమునకు వచ్చిన తొలిదినములలో పెక్కు యంత్రములు చేయిమాఱిన సరకేయని చెప్పిన మీ రాశ్చర్యపడవచ్చును. అమెరికాలోని ఐ.బి.యం. సంస్థ 1959లో 1401 అను పేర ఒక యంత్రమును ప్రకటించెను. రంధ్రములు పొడిచిన అట్టలను చదివి లెక్కలు కట్టునట్టిది, గదినంతయు ఆక్రమించునట్టిది. ఇతరదేశములలో వాడుక తీఱి వెనుకకు వచ్చిన ఈ జాతి యంత్రములను ఆ సంస్థ ఇచటికి తెప్పించి, ఇచటనే బాగుచేయించి, మన కార్యాలయములకును కర్మాగారములకును అద్దె కిచ్చుచుండెను. అన్యులు విడిచిన పాతసరకును మనకు అంటగట్టుచున్నారని ఆ కాలమున గట్టి విమర్శ వచ్చెను. ఆ విమర్శ న్యాయమైనదే. అయినను దానికి మఱియొక ప్రక్క కలదు. క్రొత్త యంత్రము నడుపుటకు మీట నొక్కుట తెలిసిన చాలును. పాతయంత్రము నడుపుటకు దాని లోపలిభాగము లన్నియు తెలియవలెను. ఆ యంత్రములను విప్పి, తుడిచి, కూర్చినవారు మనదేశపు యువకులే. వారికి అదే పాఠశాల అయినది.

ఇంతలో మన హైదరాబాదులో స్వంత ప్రయత్నమొకటి సాగుచుండెను. 1967లో అచట ఇ.సి.ఐ.యల్. అను ప్రభుత్వ సంస్థ వెలసెను. ఈ పేరు మీరెఱుగుదురు. ఒకప్పుడు ఆ సంస్థ చేసిన టీవీలు మన యూళ్లలో కనబడెడివి. దానికి తొలినాయకుడు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. 1969లో ఆ సంస్థ టి.డి.సి.-12 అను కంప్యూటరును నిర్మించెను. మనదేశములో తయారై విక్రయమునకు వచ్చిన తొలి కంప్యూటరులలో అది ముఖ్యమైనది.

1973 నాటి విదేశమారక ద్రవ్యచట్టము ప్రకారము విదేశీసంస్థలు తమ వాటాను తగ్గించుకొనవలసి వచ్చెను. ఐ.బి.యం. అందుల కొప్పుకొనక 1978లో మనదేశము విడిచి వెడలిపోయెను. యంత్రములు మాత్రము ఇచటనే మిగిలెను. వాటిని చేసినవారు లేరు, విడిభాగములు పంపువారు లేరు. ఇపుడెట్లు? ఈ దినము వచ్చునని ముందే యూహించిరో యేమో, 1975 డిసెంబరులోనే ప్రభుత్వము కంప్యూటరు మెయింటెనెన్సు కార్పొరేషను అను సంస్థను స్థాపించి యుంచెను. పేరును గమనింపుడు. కంప్యూటరులు చేయు సంస్థ కాదు, అమ్ము సంస్థ కాదు, మరమ్మతు సంస్థ. ఐ.బి.యం. విడిచిపోయిన యంత్రములను 800లకు పైబడిన తావులలో కాపాడు బాధ్యత దానిపై పడెను. ఆ సంస్థలో చేరినవారిలో పలువురు అంతకుముందు ఆ యంత్రములనే చూచుచుండినవారు. వారు వాటిని ఏండ్లతరబడి నడిపించిరి.

ఆ మరమ్మతు సంస్థయే తరువాత సి.యం.సి. అను పేరుతో ప్రసిద్ధి చెందినది. రైలు టిక్కెట్టు ముందుగా కొనుటకు ఒకప్పుడు మనము స్టేషనులో లావుపాటి పుస్తకములముందు నిలబడవలసి వచ్చెడిది గదా. ఆ పుస్తకముల స్థానమున కంప్యూటరును నిలిపిన పనిని 1980ల నడుమ చేసినవారు వీరే. దాని ప్రధాన కేంద్రములలో ఒకటి హైదరాబాదు గచ్చిబౌలిలో నుండెను. 2001లో అది టాటావారి చేతికి పోయెను. 2015లో వారి మఱియొక సంస్థలో లీనమయ్యెను. పాతయంత్రములు బాగుచేయుట నేర్చిన చేతులే తరువాత క్రొత్తపనులకు పూనుకొన్నవని నేను గట్టిగా చెప్పగలను. హైదరాబాదు వైభవమును గూర్చి ఉపన్యసించువారు ఈ మొదటి మెట్టును తఱచుగా దాటిపోవుదురు.

ఇక గదిలో పట్టని యంత్రము ఒడిలోనికి ఎట్లు వచ్చెను? ఈ కథలో మీకు తెలిసిన క్షేత్రమొకటి వచ్చును. అరుణాచలములో రమణమహర్షి నాశ్రయించిన ఆంగ్లేయులలో ఆర్థరు ఆస్బర్ను అను ఆయన యొకరు. ఆయన కుమారుడు ఆడం ఆస్బర్ను 1939లో బాంకాకులో పుట్టి, తిరువణ్ణామలైలో బాల్యము గడపి, ఇంగ్లండులోను అమెరికాలోను చదివి, 1981 ఏప్రిలులో చేతితో మోసికొని పోదగిన కంప్యూటరును లోకమునకు చూపెను. దాని పేరు ఆస్బర్ను-1. చేతితో మోయదగినదంటిని గాని దాని బరువు సుమారు 11 కిలోలు, తెర ఐదంగుళములు, వెల 1,795 డాలర్లు, బ్యాటరీ లేదు. కుట్టుమిషను పెట్టెను మోసినట్లు మోసెడివారు. అమ్మకము మొదట విశేషముగా సాగినను, 1983లో ఆ సంస్థ దివాలా తీసెను. ఆయన కడపటి దినములలో తమిళదేశమునకే మరలి వచ్చి, 2003లో కొడైకానలులో కన్ను మూసెను.

ఆ యంత్రమును రూపొందించిన శిల్పి వేఱొకరు, లీ ఫెల్సెన్‌స్టీను అను నతడు. ఆకాశవాణి ద్వారా మాటలాడుచున్న నాకు ఆయన చెప్పిన సంగతి యొకటి మిక్కిలి ఇష్టము. ఇవాన్ ఇల్లిచ్ అను తత్త్వవేత్త మధ్య అమెరికా యడవులలోని పల్లెలను గూర్చి చెప్పినది ఆయన విని యుండెను. అచటికి రేడియోలు వచ్చిన కొలది కాలమునకే, ఎవరును నేర్పకయే, వాటిని బాగుచేయువారు పల్లెలలోనే పుట్టుకొని వచ్చిరట. విప్పి చూడదగిన యంత్రమైనచో మనుష్యుడు దానిని నేర్చుకొనునని, కంప్యూటరు కూడ అట్లే యుండవలెనని ఆయన తలంచెను. మనకు ఇది వింతగాదు. విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమయ్యెను. ఆ మీదట పంచాయతీ రేడియోలు మన యూళ్లకు వచ్చినపుడు, అది మూగబోయినచో టార్చిలైటు బాగుచేయువాడో, గడియారము బాగుచేయువాడో వెనుకమూత విప్పి కూర్చుండుట నా చిన్ననాట చూచితిని. నరసరావుపేట కుఱ్ఱవాని తండ్రియు రేడియో మెకానిక్కేనట. మాటలలో అతడే చెప్పెను.

పొత్తమువలె మడచి మూయదగిన రూపము 1982లో గ్రిడ్ కంపాస్ అను యంత్రముతో వచ్చెను. నేటి ల్యాప్‌టాపులన్నియు ఆ యాకారమునే యనుసరించినవి. తరువాతి కథ వేగముగా చెప్పెదను. హైదరాబాదులో కంపెనీలు పెరిగెను. అవి కొన్నేండ్లు వాడి విడిచిన ల్యాప్‌టాపులు టోకుగా బయటికి వచ్చెను. సికింద్రాబాదు పార్కులేనులో చెనాయ్ ట్రేడ్ సెంటరు అను మేడ కలదు. చెన్నపట్టణములో రిచీ వీథియు, ఢిల్లీలో నెహ్రూ ప్లేసును ఎట్లో, మన తెలుగువారికి అది అట్లు. పాతవి కొనువారు, విప్పువారు, విడిభాగములు అమ్మువారు ఒకే మేడలో నుందురు. చిన్నపట్టణములలోని కొట్లకు కావలసిన భాగములు పెక్కు ఇట్టిచోట్లనుండియే బస్సు పార్సెళ్లలో వచ్చును.

ఇప్పుడు మరల బల్లయొద్దకు వత్తము. కుఱ్ఱవాడు ఒక తెల్లకాగితముమీద ల్యాప్‌టాపు ఆకారము గీసి, తీసిన స్క్రూ నెల్ల తీసిన చోటుననే ఆ కాగితమునకు అంటించుచుండెను. పొడుగు స్క్రూ పొట్టి దాని చోట బిగించినచో బోర్డును పొడుచునట. అది చూచినపుడు నాకు నాగార్జునకొండ తలపునకు వచ్చినది. 1926లో స్థానిక ఉపాధ్యాయుడైన సూరపరాజు వేంకటరామయ్యగారు అచట పురాతన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలిపిరి. ఒక బడిపంతులు చేసిన పని యగుటచే ఈ సంగతి నేను ప్రతిసభలోను చెప్పుచుందును, మన్నింపుడు. పిదప 1954 నుండి 1960 వఱకు, సాగరుజలములు ముంచకముందు, ఆ లోయ నంతయు త్రవ్వి చూచి, కట్టడములలో కొన్నిటిని విడదీసి కొండమీదను అనుపులోను మరల నిలిపిరి. విడదీయుట ఎవరైనను చేయగలరు. ఏది యెచటిదో గుర్తుంచుకొన్నవాడే మరల నిలుపగలడు.

మొదట అతడు ర్యాము అను చిన్నపలకను ఊడదీసెను. నేను పలకయన్నది మాటవరుసకు కాదు. కంప్యూటరు అప్పటికప్పుడు లెక్క వేసికొనుటకు వాడు పలక యది. కరెంటు పోగానే దానిమీది వ్రాత తుడుచుకొని పోవును. దాని యంచున బంగారుపూత పూసిన సన్నని పండ్లు వరుసగా నుండును. మన యుక్కపోతకును తేమకును ఆ పండ్లమీద మష్టు పట్టి, లోపలి సందుతో సంబంధము తప్పినచో, తెర వెలుగదు, కీచుమని కూయును. నగరములో “బోర్డు పోయింది” అనిపించుకొన్నది ఇదియే. దీనికి మందేమని యడిగితిని. అతడు సొరుగులోనుండి బడిపిల్లలు పెన్సిలుగీతలు తుడుచుకొను రబ్బరుముక్క తీసెను. ముప్పదియైదేండ్లు పిల్లల చేతులలో చూచిన వస్తువది. మెల్లగా నాలుగుమార్లు రుద్ది, మెత్తని బ్రష్షుతో దులిపి, మరల గ్రుచ్చి మీట నొక్కగా తెర వెలిగెను. నేను కుర్చీలోనుండి లేచితినట. నాకు జ్ఞాపకము లేదు.

“తొందరపడకండి మాస్టారూ, ఇంకా మూడున్నాయి” అని అతడు దానిని వెంటనే ఆర్పివేసెను.

రెండవది వేడిమి. లోపలి ముఖ్యమైన చిప్పుపై రాగిగొట్ట మొకటి యానియుండును. చిప్పులో పుట్టిన వేడిని ఆ గొట్టము కొనిపోయి ఫ్యానుయొద్ద వదలును. ఫ్యానుముందరి సన్నని రేకుల నడుమ దూది యుండ యొకటి బయటపడెను. మన పల్నాటి ప్రత్తిపీచు, మిరపకాయల ధూళి, ఇంటి దుమ్ము కలిసి నేసిన గుడ్డవలె నుండెను. చిప్పునకు రాగికి నడుమ పూసిన పేస్టు ఎండి పెళుసెక్కెను. తుడిచి క్రొత్తది గోధుమగింజంత పూసెను. ఈ పనికి పట్టినది పావుగంట. దీనిని చేయనందున యంత్రములు కాలి చచ్చుచున్నవి. పఱుపుమీదను దిండుమీదను ల్యాప్‌టాపు పెట్టి మీ మనుమలు సినిమాలు చూచుచున్నచో మందలింపుడు. గాలి పోవు దారి దాని యడుగుననే యుండును.

మూడవది ఛార్జరుపిన్ను గ్రుచ్చు రంధ్రము. తీగ నటునిటు లాగినందున లోపల దాని టంకము బీటవాఱెను. టంకము పెట్టుట మీకు క్రొత్తగాదు. కళాయివాడు ఊరిలోనికి వచ్చి, కొలిమి పెట్టి, నవాసాగరము చల్లి, ఇత్తడిగిన్నెకు తగరము పూయుట మనమందఱము చూచినదే. ఆ తగరమే దీనికిని ముఖ్యము. పూర్వము ఈ టంకములో తగరముతో సీసము కలిపెడివారు. ఆ మిశ్రమము 183 డిగ్రీలకే కరగును. సీసము విషమగుటచే 2006 జూలై నుండి ఐరోపావారు దానిని నిషేధించిరి. అప్పటినుండి లోకమంతటను సీసము లేని టంకమే వ్యాపించెను. ఇది సుమారు 217 డిగ్రీలకు గాని కరగదు. కొంచెము బిఱుసు గూడ. వేడెక్కుచు చల్లబడుచు నుండు బోర్డులలో ఇట్టి టంకము చిట్లినందున ఆ కాలపు ల్యాప్‌టాపులు కొన్ని చెడినవి. నిషేధము మంచిదే, మరమ్మతువాని శ్రమ పెరిగినది నిజమే. కుఱ్ఱవాడు కఱ్ఱపిడి టంకపు కడ్డీతో రెండు చుక్కలు పెట్టి సరిచేసెను.

బ్యాటరీ నిలువకుండుట వేఱు సంగతి. దానికి మరమ్మతు లేదు, మార్పే. లిథియము బ్యాటరీని 1991లో జపాను దేశపు సోనీవారు అంగడికి తెచ్చిరి. దాని వెనుకనున్న మువ్వురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెలు బహుమాన మిచ్చిరి. నా దానిలో ఆఱు గుండ్రని సెల్లులు కలవు. వాటిని 18650 అందురు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగు అని యర్థము. నేటి పలుచని ల్యాప్‌టాపులలో బల్లపఱుపు సంచులవంటి సెల్లులుండును. అవి ఉబ్బినచో గ్రుచ్చుట, వంచుట, చెత్తకుప్పలో వేయుట చేయరాదు, అంటుకొని మండును.

ఇక తేదీ. దీనినిగూర్చి కొంత విస్తరించి చెప్పుటకు సెలవిండు. ల్యాప్‌టాపు ఆర్పివేసినను లోపల గడియారము నడచుచునే యుండును. 1984 నాటి ఐ.బి.యం. ఏ.టి. యంత్రముతో ఈ యేర్పాటు వ్యాపించినది. దానిని నడపునది బొత్తామంత సెల్లు. దాని పేరు సి.ఆర్. 2032. ఈ పేరునకును యర్థము కలదు: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందము. మన శాసనములలో వేదములనగా నాలుగు, నేత్రములనగా రెండు అని మాటలలో అంకెలు దాచినట్లు, వీరు అంకెలలో కొలతలు దాచిరి. ఆ సెల్లు చచ్చినచో, కరెంటు తీసిన ప్రతిసారియు యంత్రము కాలమును మఱచి తాను పుట్టిననాటికి పోవును. నాది 2010 జనవరి 1వ తేదీకి పోవుచుండెను.

దీనివలన కలిగిన చిక్కేమనగా, అంతర్జాలము అందని పల్లెలలో నేను వ్రాసికొన్న నలుబదికి పైబడిన వ్రాతలకు యంత్రము 2010 జనవరి 1 అని ముద్ర వేసి యుంచెను. ఏది ముందో ఏది వెనుకయో తెలియదు. ఒకే ముసలాయన ఒకే వీరగల్లును గూర్చి రెండుమార్లు రెండువిధముల చెప్పి యుండినచో, ఏది మొదటిమాటయో తెలియుట చరిత్ర వ్రాయువానికి ప్రాణము. శాసనములు చదువువారికి ఇది పాతచిక్కే. శకవర్ష మొకటి చెక్కి, దానికి కుదురని సంవత్సర నామమును ప్రక్కన చెక్కిన శిలలు కలవు. తిథివారములు గణించి ఏది సరియో తేల్చుదురు. నాకును అదే దారి దొరకినది. గురువులు నేర్పిన యలవాటు చొప్పున ప్రతివ్రాతకు మొదట సంవత్సరము, మాసము, తిథి వ్రాయుచుంటిని. వికారి మార్గశిరము, ప్లవ వైశాఖము, శుభకృత్ కార్తికము, ఇట్లు. నడుమ శార్వరిలో కరోనా మూలమున తిరుగుట మాని ఫోనులో విని వ్రాసినవి గూడ అట్లే యున్నవి. రెండు దినములు పంచాంగములు ముందు పెట్టుకొని అన్నిటిని వరుసపఱచితిని. యంత్రము మఱచిన కాలమును ప్రభవాది వత్సరములు చెప్పినవి. కొట్టులో కుఱ్ఱవాడు ఇది చూచి, “మీ తేదీలకి బ్యాటరీ అక్కర్లేదండీ” అని నవ్వెను.

అన్నిటికంటె భయపెట్టినది హార్డుడిస్కు. ర్యాము పలక యైనచో ఇది పొత్తము, వ్రాసినది నిలుచును. 1956లో వచ్చిన తొలి డిస్కులో రెండడుగుల పళ్లెములు 50 ఉండెను. మొత్తము టన్నుకు మించిన బరువు, పట్టునది సుమారు 50 లక్షల అక్షరములు. అరచేతిలో ఇముడు నా డిస్కు దానికి 64 వేల రెట్లు పట్టును. లోపల పళ్లెము నిమిషమునకు 5,400 చుట్లు తిరుగుచుండగా, దానిపై వ్రాయు ములికి తగలకుండ తేలియుండును. నడుమ సందు తలవెండ్రుక మందములో వేయవవంతు కంటె తక్కువ. నా డిస్కు టిక్కు టిక్కుమని చప్పుడు చేయుచుండెను. కుఱ్ఱవాడు చెవి యానించి విని ముఖము మార్చెను. “దీన్ని ఎక్కువసార్లు ఆన్ చేయకూడదు. ముందు కాపీ, తర్వాతే ఏదైనా” అనెను. తెర వెలిగిన వెంటనే ఆర్పివేసిన కారణ మప్పుడు తెలిసినది.

ముందు ప్రతి, తరువాతనే తక్కినది. సి.పి. బ్రౌను దొరగారు చేసినది ఇదే. కల్నలు మెకంజీ 1821లో చనిపోవునాటికి, కావలి సోదరులు మొదలగువారి సహాయమున ఊరూరి కైఫీయతులు కుప్పలుగా కూడబెట్టెను. కాగితములు చివికిపోవుచుండగా బ్రౌను లేఖకులను పెట్టి వాటికి ప్రతులు వ్రాయించెను. మన గ్రామముల చరిత్ర కొంతయైనను మిగిలినదనిన ఆ ప్రతుల చలువయే. ఇటు నరసరావుపేటలో ఆ రాత్రి పదిగంటలదాక డిస్కు నుండి ప్రతి దిగుచుండెను. అతడు అన్నము తినలేదు, నేనును తినలేదు. ప్రతి ముగిసినపిదప తిరుగు భాగములే లేని క్రొత్తరకపు డిస్కును దానిస్థానమున బిగించెను. అన్ని భాగములకును కూలికిని కలిపి క్రొత్తదాని వెలలో పదవవంతైనను కాలేదు.

ఇట్టి పని ఇక ముందెంతకాలము సాగునో చెప్పుట కష్టము. క్రొత్త ల్యాప్‌టాపులలో ర్యామును బోర్డునకే టంకము పెట్టివేయుచున్నారు. బ్యాటరీని జిగురుతో అంటించుచున్నారు. రబ్బరుముక్కతో తుడుచుటకు ఊడిరాదు. విప్పరాని యంత్రమును కొన్నవాడు దానికి యజమాని కాదు, కౌలుదారు. 2022 డిసెంబరులో కేంద్రప్రభుత్వము మరమ్మతు హక్కు అనుపేర తయారీదారులనుండి విడిభాగముల వివరములు జనులకు తెలియుటకు ఒక యేర్పాటు చేసినది. మంచి మొదలే. పాతవి కొనువారు మాత్రము వెల యడుగుటకు ముందు, ర్యామును బ్యాటరీయు ఊడివచ్చునా యని యడుగుట మేలు.

నా వ్రాతలన్నియు దక్కలేదు. రెండు వ్రాతలున్న తావున పళ్లెము గీచుకొనిపోయెను. వాటిలో నొకటి పోయినను నాకు చింతలేదు. దానిలోని సంగతులు చెప్పినాయన ఉన్నాడు, మరల చెప్పెను. రెండవది వినుకొండ త్రోవలోని యొక చెఱువుకట్టమీది వీరగల్లును గూర్చినది. చెప్పినాయన 2021లో కాలము చేసెను. ఆ కథ ఆయనకు తప్ప వేఱెవ్వరికి తెలియదని యనుకొంటిని. ఇటీవల ఆయన కుమార్తెకు కొంత జ్ఞప్తియున్నదని తెలిసినది. ఆమె వయస్సు డెబ్బది దాటినది. ఈ వారములోనే ఆమె యింటికి పోవుచున్నాను. సంచిలో ల్యాప్‌టాపుతోపాటు నూఱుపుటల నోటుపుస్తక మొకటియు, రెండు పెన్నులును పెట్టుకొంటిని.